ఎగిరే యంత్రానికి చెవి పెట్టేముందు

2017 సెప్టెంబర్ 19న భూకంపం మెక్సికో నగరాన్ని కుదిపేసినప్పుడు, కూలిన భవనాల దగ్గర సహాయకులు పిడికిలి పైకెత్తి నిలబడిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఆ పిడికిలి లేచిందంటే జనరేటర్లు ఆపాలి, లారీలు ఆపాలి, ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోవాలి, ఎవరూ మాట్లాడకూడదు. శిథిలాల కింద ఎవరో మూలిగినా, గోడ మీద గోటితో గీరినా వినపడాలంటే పైనున్నవాళ్ళు ముందు మౌనం పాటించాలి. వందలమంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గిన ఆ పద్ధతిని డ్రోన్‌కు నేర్పలేం. గాలిలో నిలబడాలంటే దాని రెక్కలు తిరగాల్సిందే, తిరిగితే మోత తప్పదు. దానికి మైకు తగిలించి శబ్దం పట్టాలనుకునే వాళ్ళందరికీ, పక్షులను లెక్కపెట్టేవాళ్ళ నుంచి సినిమా వాళ్ళ దాకా, ఇంజనీరింగ్ విద్యార్థుల నుంచి విపత్తు సహాయక దళాల దాకా, ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. ఈ పనిలోకి దిగేవాళ్ళు సాధారణంగా ముందు అడిగే ప్రశ్నలు రెండు: ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఈ రెండిటికంటే ముందు తేల్చుకోవాల్సింది మరొకటుంది. మైకును రెక్కలకు ఎంత దూరంలో ఉంచగలం, రెక్కలు ఎప్పుడు ఆపగలం? దూరాన్నీ సమయాన్నీ సరిగ్గా నిర్ణయించుకున్నవాళ్ళకు మామూలు రికార్డరు చాలా పనులకు సరిపోతుంది. అక్కడ తప్పటడుగు వేస్తే ఎంత ఖరీదైన పరికరమూ ఆ లోటును పూడ్చలేదు. ఎందుకలా అంటున్నానో లెక్కలతో, జరిగిన ప్రయోగాలతో చూపిస్తాను.

ముందు ఆ మోత ఎలా పుడుతుందో చూద్దాం. ప్రొపెల్లర్ రెక్క గాలిని కోసుకుంటూ వెళ్ళిన ప్రతిసారీ ఒక ఒత్తిడి తరంగం బయలుదేరుతుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే రెండు రెక్కల ప్రొపెల్లర్ సెకనుకు 100 చుట్లు తిరుగుతుంది, అంటే 200 సార్లు గాలిని కోస్తుంది. అందుకే అది 200 హెర్ట్జ్ దగ్గర ఒక స్వరం పలుకుతుంది. ఆ స్వరం ఒంటరిగా రాదు. తంబూరా తీగ మీటితే ఆధార షడ్జంతో పాటు పై స్వరాలూ లీలగా పలికినట్టు, 400, 600, 800 హెర్ట్జ్ దగ్గర దాని గుణిజాలన్నీ మోగుతాయి. ఈ లెక్క ఎంత నికరమైనదో అంగారకుడి మీద కూడా తేలింది. 2021 ఏప్రిల్ 30న జెజెరో బిలంలో ఇన్‌జెన్యూయిటీ హెలికాప్టర్ నాలుగోసారి ఎగిరినప్పుడు, 80 మీటర్ల దూరాన ఉన్న పర్సెవరెన్స్ రోవర్ మైకు దాని సన్నని గుంయిమనే మోతను 84 హెర్ట్జ్ దగ్గర పట్టుకుంది. ఆ రెక్కలు నిమిషానికి 2,537 చుట్లు తిరిగాయి. దాన్ని 60తో భాగించి 2తో గుణిస్తే వచ్చేది 84 చిల్లర. ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. ఆ మైకు హెలికాప్టర్ మీద లేదు, కదలకుండా నిలబడ్డ రోవర్ మీద ఉంది. మన డ్రోన్‌కు ఉండేవి నాలుగు ప్రొపెల్లర్లు, ఒక్కోసారి ఆరు. గాలి కొద్దిగా తోస్తే చాలు, నిలకడ కోసం ఒక్కో మోటారు తన వేగాన్ని క్షణక్షణం మార్చుకుంటుంది. దాంతో నాలుగు తంబూరాలు నాలుగు శ్రుతుల్లో, అదీ మారిపోయే శ్రుతుల్లో మోగినట్టవుతుంది. దీనికి తోడు చెదిరిన గాలి చేసే హోరు, మోటార్ల కీచు. మగవాళ్ళ గొంతు మూలస్వరం 100 హెర్ట్జ్‌కు కాస్త పైన, ఆడవాళ్ళది 200 హెర్ట్జ్ అటూ ఇటూ ఉంటుంది. మాట అర్థం కావడానికి కావాల్సిన శబ్దంలో చాలా భాగం 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే మనకు కావలసిన గొంతూ మనకు అక్కర్లేని మోతా ఒకే గదిలో కాపురం ఉంటున్నాయి. ఫిల్టర్ పెట్టి మోతను కోస్తే గొంతు కూడా తెగుతుంది. ఆపదలో ఉన్నవాళ్ళకు అరుపు కంటే ఈల మేలని చెప్పడానికి ఇదీ ఒక కారణం. ఈల స్వరం ఆ గుంపుకు పైన, 3,000 హెర్ట్జ్ దరిదాపుల్లో, విడిగా నిలబడుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. బహిరంగ ప్రదేశంలో, శబ్దం పుట్టిన చోటు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ దాని స్థాయి 6 డెసిబెల్స్ తగ్గుతుంది. శక్తిలో చూస్తే 10 డెసిబెల్స్ తేడా అంటే పది రెట్లు, 20 అంటే వంద రెట్లు, 30 అంటే వెయ్యి రెట్లు. మైకును డ్రోన్ పొట్టకు, రెక్కల నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో బిగించామనీ, అక్కడ మోత 90 డెసిబెల్స్ ఉందనీ అనుకుందాం. కింద 30 మీటర్ల దూరంలో ఒక మనిషి గొంతెత్తి అరుస్తున్నాడు. మీటరు దూరంలో 90 ఉన్న ఆ అరుపు పైకి వచ్చేసరికి 60 అవుతుంది. గొంతు కంటే మోత వెయ్యి రెట్లు ఎక్కువ. ఇప్పుడు అదే మైకును 8 మీటర్ల దారానికి కట్టి కిందికి వేలాడదీయండి. 25 సెంటీమీటర్లు 50 అయింది, అక్కడి నుంచి ఒక మీటరు, రెండు, నాలుగు, ఎనిమిది. ఐదుసార్లు రెట్టింపైంది కాబట్టి మోత 30 డెసిబెల్స్ తగ్గి 60కి దిగింది. మైకు మనిషికి దగ్గరై 22 మీటర్లలోకి వచ్చింది కాబట్టి అరుపు 63కు పెరిగింది. వెయ్యి రెట్లు వెనకబడ్డ గొంతు ఇప్పుడు మోతను దాటి వినిపిస్తోంది. ఇదే లాభం మైకుల సంఖ్య పెంచి తేవాలంటే? ఒక్కో మైకులో గోల వేరువేరుగా ఉందనుకుంటే, ఎనిమిది మైకులను కలిపితే వచ్చే లాభం 9 డెసిబెల్స్, పదహారుతో 12. ముప్పై రావాలంటే వెయ్యి మైకులు కావాలి. ఈ లెక్కలో సడలింపులు ఉన్నాయని ఒప్పుకుంటాను. రెక్కలకు బాగా దగ్గరగా 6 డెసిబెల్స్ సూత్రం అంత కచ్చితంగా నడవదు, ఎందుకంటే మోత ఒకే బిందువు నుంచి రావడం లేదు. రెక్కలు ఎక్కడున్నాయో ముందే తెలుసు కాబట్టి, ఆ దిక్కుల నుంచి వచ్చేదాన్ని అణిచే గణితంతో మైకుల వరుస ఈ సాదా లెక్క కంటే మెరుగ్గా పనిచేయగలదు. అంకెలు అటూ ఇటూ జరిగినా, నైలాన్ దారం ముక్కకూ వెయ్యి మైకులకూ మధ్య ఉన్న అంతరం పూడదు.

కాగితం మీది లెక్క బయట నిలబడుతుందా అన్నదానికి మంచి సాక్ష్యం పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ కాలేజీ పరిశోధన. ఆండ్రూ విల్సన్, ఆయన బృందం 2017లో 'ది ఆక్' అనే పక్షిశాస్త్ర పత్రికలో దీన్ని ప్రచురించారు. వాళ్ళు చవకైన నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్‌కు సరిగ్గా 8 మీటర్ల కింద తేలికపాటి రికార్డరు వేలాడదీశారు. ముందు పక్షుల కూతలను స్పీకర్లలో వినిపించి పరీక్షించారు. డ్రోన్ 28, 48, 68 మీటర్ల ఎత్తుల్లో నిలబడ్డప్పుడు పక్షులను గుర్తించడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తర్వాత నిజమైన అడవిలో, మనిషి నేల మీద నిలబడి చేసే లెక్కతో డ్రోన్ లెక్కను పోల్చారు. చాలా జాతుల విషయంలో రెండూ సరిపోయాయి. సరిపోని చోట ఏం జరిగిందన్నది మరీ విలువైన పాఠం. మౌర్నింగ్ డవ్ అనే గువ్వ కూత బాగా మంద్రంగా ఉంటుంది, దాన్ని డ్రోన్ సరిగ్గా పట్టలేకపోయింది. మోత ఎక్కడ చిక్కగా ఉంటుందో మనం వేసిన లెక్కకు ఇది సూటిగా సరిపోతుంది. గ్రే క్యాట్‌బర్డ్ అనే పిట్ట విషయంలో కారణం వేరు. అవి గుంపుగా, దట్టంగా ఉండేసరికి ఎన్ని ఉన్నాయో లెక్క తక్కువగా వచ్చింది. దీనికి మరో కొసన గబ్బిలాలున్నాయి. 2018లో అమెరికన్ పరిశోధకులు 'కైరోకాప్టర్' పేరుతో గబ్బిలాల శబ్దాలను ఎత్తులో రికార్డు చేసే డ్రోన్ గురించి రాశారు. గబ్బిలం కేక మన చెవికి అందని 20,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది, అక్కడ రెక్కల మోత పలచబడుతుంది. ఇక నిశ్శబ్దాన్ని చివరిదాకా తీసుకువెళ్తే ఏమవుతుందో నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ బృందం 2019లో చూపించింది. కాలిఫోర్నియాలో రిడ్జ్‌క్రెస్ట్ భూకంపాల తర్వాత, మోటారు లేని బెలూన్లకు ఒత్తిడిని కొలిచే సున్నితమైన పరికరాలు కట్టి వదిలారు. జులై 22న 'టార్టాయిస్' అనే బెలూన్ దాదాపు 4.8 కిలోమీటర్ల ఎత్తు నుంచి, 4.2 తీవ్రత గల ఒక అనంతర ప్రకంపన పుట్టించిన అతిమంద్ర ధ్వనిని పట్టుకుంది. భూమి కదలికను ఆకాశం నుంచి వినగలిగింది రెక్కల్లేని యంత్రం.

దారం కట్టి వేలాడదీయడం ప్రమాదం కదా అని వెంటనే అనుమానం వస్తుంది. వస్తే మంచిదే, అది నిజమైన ప్రమాదమే. 8 మీటర్ల దారం ఒక లోలకం. అది ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి దాదాపు 5.7 సెకన్లు పడుతుంది. డ్రోన్‌ను ఝటక్కున ఆపితే రికార్డరు పెద్ద ఊపుతో ముందుకు పోతుంది, డ్రోన్ దాన్ని సరిదిద్దబోతుంది, రెండిటి లయ కలిస్తే నిలకడ చెడుతుంది. అందుకని మెల్లగా బయలుదేరి మెల్లగా ఆపాలి. ఆపిన తర్వాత కనీసం మూడు ఊపులు, అంటే 17 సెకన్లు ఓపిక పట్టి, అప్పుడు వచ్చే శబ్దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను ఇంటిదారి పట్టే ఎత్తును దారం పొడవు కలిపి పెట్టుకోవాలి. లేకపోతే డ్రోన్ చెట్టు దాటుతుంది, రికార్డరు కొమ్మకు చుట్టుకుంటుంది. కరెంటు తీగల దగ్గర ఈ పని చేయనే వద్దు. జనం తలల మీద కూడా వద్దు. దిగేటప్పుడు రెండో మనిషి రికార్డరును ముందు అందుకుని పక్కకు నడవాలి, వదులైన దారం రెక్కల్లోకి వెళ్ళకుండా డ్రోన్‌ను దూరంగా దించాలి. బరువు సంగతీ చూసుకోవాలి. మన దేశంలో 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల దాకా నానో, ఆపైన 2 కిలోల దాకా మైక్రో, ఈ లెక్కలో మోసే సామాను కూడా కలుస్తుంది. 249 గ్రాముల బుల్లి డ్రోన్‌కు 60 గ్రాముల రికార్డరు కట్టిన క్షణం అది వేరే తరగతిలోకి, వేరే నిబంధనల్లోకి వెళ్ళిపోతుంది. రెక్కలు కిందికి తోసే గాలి మైకును కొట్టకుండా నురగ తొడుగు, దానిపైన బొచ్చు తొడుగు తప్పనిసరి. ఆ గాలిదెబ్బ నిజానికి దూరం నుంచి వచ్చే శబ్దమే కాదు, మైకు పొర మీదే పుట్టే గోల. దాన్ని తర్వాత ఏ గణితమూ విడదీయలేదు.

మరి డ్రోన్ ఒంటి మీదే మైకులు బిగించి విజయం సాధించినవాళ్ళు లేరా? ఉన్నారు. నా వాదనకు ఇదే బలమైన ఎదురు సాక్ష్యం కాబట్టి దాన్ని శ్రద్ధగా చూడాలి. జపాన్‌లో 'టఫ్ రోబోటిక్స్ ఛాలెంజ్' కింద పనిచేసిన పరిశోధకులు డ్రోన్‌కు 16 మైకుల గోళాన్ని అమర్చి, ఆరుబయట మనుషులు చేసే శబ్దాల దిక్కును కనిపెట్టారు. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ ఎఫ్‌కేఐఈ సంస్థకు చెందిన మకరీనా వరేలా తమ మైకుల అమరిక గురించి 2021లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం సమావేశంలో వివరించారు. విపత్తులో అరుపులు, చప్పట్లు, తట్టుడు శబ్దాలను పట్టుకోవడం దాని ఉద్దేశం. 2019లో ఐఈఈఈ సిగ్నల్ ప్రాసెసింగ్ కప్ పోటీ అంశమే ఇది: ఎగిరే డ్రోన్ మీది ఎనిమిది మైకుల రికార్డింగ్ ఇచ్చి, మాట్లాడుతున్న మనిషి ఏ దిక్కున ఉన్నాడో కనిపెట్టమన్నారు. ప్యాకెట్లు చేరవేసే జిప్‌లైన్ సంస్థ, దారిలో ఎదురయ్యే విమానాలను డ్రోన్ తన మైకులతోనే విని తప్పుకునే వ్యవస్థను తయారుచేసింది. ఇవన్నీ నిజమైన విజయాలు. అయితే వీటిలో డ్రోన్‌ను ఏ ప్రశ్న అడిగారో చూడండి. శబ్దం ఉందా, ఏ దిక్కున ఉంది, అంతే. ఆ మనిషి ఏమంటున్నాడు అన్నది అడగలేదు. ఉనికికీ దిక్కుకూ కొద్దిపాటి ఆనవాలు చాలు. పది సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు మైకులకు ఒకే శబ్దం చేరడంలో తేడా గరిష్ఠంగా 0.29 మిల్లీసెకన్లు. సెకనుకు 48,000 నమూనాలు తీసుకునే రికార్డరులో అది 14 నమూనాల ఎడం. ఆ ఎడాన్ని పదే పదే కొలిచి గణితం దిక్కు చెబుతుంది. మాట అర్థం కావాలన్నా, కూత జాతి తేలాలన్నా, సినిమాకు పనికొచ్చే శబ్దం కావాలన్నా ఆనవాలు చాలదు, నాణ్యత కావాలి. జిప్‌లైన్ విషయంలో వినాల్సిన వస్తువు మరో విమానం ఇంజన్, అది స్వయంగా గట్టిగా, క్రమంగా మోగేది. కాబట్టి పరికరం ఎంచుకునేముందు మీ ప్రశ్న ఏమిటో కాగితం మీద ఒక వాక్యంలో రాసుకోండి. 'దిక్కు' అన్న మాట ఆ వాక్యంలో ఉంటే మైకుల వరుస మీద డబ్బు పెట్టండి. 'మాట', 'కూత', 'నాణ్యత' అన్నవి ఉంటే దారం కొనండి. వరుస వాడేవాళ్ళకు మన ఎండలతో ముడిపడ్డ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు, రెంటచింతల మే నెల ఎండలో 45 డిగ్రీల దగ్గర దాదాపు 358 ఉంటుంది. చల్లని దేశంలో రాసిన ప్రోగ్రాములో ఆ అంకె మార్చకపోతే అది చూపే దిక్కు పక్కకు జరుగుతుంది.

ఇంత తంటా ఎందుకు, ఇప్పుడు ఏఐ ఉంది కదా, మోతంతా అదే తీసేస్తుంది అనేవాళ్ళున్నారు. కొంత తీస్తుంది, సందేహం లేదు. కానీ అలాంటి ప్రోగ్రాములు ఎక్కువగా మనిషి గొంతుల మీద శిక్షణ పొందినవి. గొంతు కానిదాన్ని చెత్త అనుకుని ఊడ్చేస్తాయి. శిథిలాల కింద మాట పెగలని మనిషి ఇనుప గొట్టం మీద రాయితో కొట్టే శబ్దం ఆ ఊడ్పులో పోతుంది. దీనికి తలకిందులైన తప్పు మరీ ప్రమాదం. మోత మరీ ఎక్కువై గొంతు దాదాపు లేనప్పుడు ప్రోగ్రాము ఖాళీని తన ఊహతో నింపి, లేని మాటను ఉన్నట్టు వినిపించగలదు. పెళ్ళి వీడియోలో అది చిన్న లోపం. గాలింపులో అది పదిమంది సహాయకులను తప్పు గోడ దగ్గర తవ్విస్తుంది, పక్షి లెక్కలో లేని జాతిని పుస్తకంలోకి ఎక్కిస్తుంది. ఏఐని వాడండి, కానీ చివరి అంచెలో, సూచన కోసం వాడండి. దాని ముందు అసలు రికార్డింగును చెక్కుచెదరకుండా దాచండి. ఇక్కడే చాలామంది తెలియక చేసే ఒక నష్టం చెప్పాలి. ఎంపీ3 పద్ధతి ఫైలును చిన్నది చేయడానికి, పెద్ద శబ్దం కింద అణిగి మన చెవికి ఎలాగూ అందవనుకున్న చిన్న శబ్దాలను పారేస్తుంది. మనం వెతుకుతున్నది సరిగ్గా ఆ అణిగిన శబ్దాన్నే. అందుకే వేవ్ ఫైలుగానే రికార్డు చేయాలి. స్థాయిని తానే పెంచి తగ్గించే ఆటోమేటిక్ గెయిన్ ఆపేయాలి, లేకపోతే మోత పెరిగిన ప్రతిసారీ అది గొంతును కూడా నొక్కేస్తుంది. స్థాయి తలదాటి శబ్దం విరిగితే అది శాశ్వతంగా పోయినట్టే, కాబట్టి మోత ఉచ్చస్థాయిలో ఉన్నప్పుడు చూసుకుని గెయిన్ తగ్గించి పెట్టుకోవాలి. 32 బిట్ ఫ్లోట్ రికార్డరుతో ఈ బాధ తగ్గుతుంది గానీ, మైకు పొరే భరించలేనంత మోత ఉంటే అదీ కాపాడదు.

మోతను తీసేయాలంటే మోత ఎలాంటిదో తెలియాలి. ప్రతి ఎగురుడులో ఒక నిమిషం, చుట్టుపక్కల ఏ శబ్దమూ లేనిచోట, డ్రోన్‌ను నిలకడగా ఉంచి దాని మోతను మాత్రమే రికార్డు చేయండి. మోటార్ల వేగాన్ని డ్రోన్ నమోదు చేసేదైతే ఆ లెక్క కూడా దాచండి. 200, 400, 600 హెర్ట్జ్ స్వరాలు ఆ క్షణంలో ఎక్కడికి జరిగాయో వేగమే చెబుతుంది. డ్రోన్ శబ్దాల డేటా సేకరించే పరిశోధకులు కొందరు అందులో మోటార్ల వేగాలను కూడా జతచేసింది ఇందుకే. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దం చిత్రరూపం, తెరిస్తే ఈ స్వరాలు నాగలిచాళ్ళలా వరుస గీతలుగా కనిపిస్తాయి. రెక్క కొసన చిన్న ముక్క విరిగినా, బరువు సమతూకం తప్పినా, 200 గీతకు తోడు దాని సగంలో, 100 దగ్గర, కొత్త గీత లేస్తుంది, ఎందుకంటే చుట్టుకు ఒకసారి కుదుపు వస్తోంది. పొలాల మీద పురుగుమందు చల్లే డ్రోన్లు నడిపేవాళ్ళకు ఈ ఒక్క అలవాటు పనికొస్తుంది. శత్రువనుకున్న మోతే యంత్రం ఆరోగ్యం చెప్పే నాడి అవుతుంది.

రెక్కలను ఆపడం గురించి మొదట్లో అన్నాను. అది తేలిక కాదు, కానీ అనుకున్నంత అసాధ్యమూ కాదు. డ్రోన్‌ను చదునైన డాబా మీద దించి, మోటార్లు ఆపి, ఒక నిమిషం విని, మళ్ళీ లేపవచ్చు. సగటు డ్రోన్ గాలిలో ఉండేది 20, 30 నిమిషాలే. కింద కూర్చుని వింటే బ్యాటరీ దాదాపు ఖర్చు కాదు కాబట్టి, ఆగి వినడం వల్ల మొత్తం వినే సమయం పెరుగుతుంది. స్థిర రెక్కల డ్రోన్ అయితే మోటారు ఆపి గద్దలా జారుతూ కొన్ని సెకన్ల మౌనం సంపాదించగలదు. దిగితే పడిపోయే ప్రమాదం ఉన్న శిథిలాల మీద దారమే దిక్కు. అసలు ప్రతిచోటా చెవి అవసరం లేదన్నది కూడా ఒప్పుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు డ్రోన్లు ఆహారం, నీళ్ళు, మందులు చేరవేశాయి. డాబాల మీద చేతులూపుతున్న మనుషులను కెమెరాయే చూడగలదు, అక్కడ మైకు బరువు కంటే ఇంకో అన్నం పొట్లం విలువైనది. చీకటి పడ్డాక, రేకుల కప్పు కింద, చెట్ల గుబురులో, కూలిన గోడల వెనక కెమెరా గుడ్డిదవుతుంది. చెవిని అప్పటికి దాచుకోవాలి.

చివరి అభ్యంతరం నైతికమైనది: ఇది జనం మాటలు దొంగతనంగా వినే సాధనం కాదా? డ్రోన్ ఒంటి మీది మైకు విషయంలో భౌతికశాస్త్రమే కాపలా కాస్తుంది. మామూలు సంభాషణ మీటరు దూరంలో 60 డెసిబెల్స్, 30 మీటర్లలో 30. దాని మీద 90 డెసిబెల్స్ మోత, అంటే పది లక్షల రెట్ల తేడా. అలా వినవచ్చని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. కానీ నేను సిఫారసు చేసిన రెండు పద్ధతులు, వేలాడే మైకూ డాబా మీద ఆగే మైకూ, ఆ కాపలాను దాటగలవు. కాబట్టి బాధ్యత సరిగ్గా ఈ సలహా పాటించేవాళ్ళ మీదే పడుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఇళ్ళ మధ్య రికార్డు చేసేటప్పుడు ముందుగా చెప్పండి, పనికి సంబంధం లేని మాటలు దొరికితే చెరిపేయండి. అభయారణ్యాల మీద అటవీ శాఖ అనుమతి లేకుండా ఎగరేయకండి. పక్షుల గూళ్ళ కాలంలో డ్రోన్ మోతే వాటికి హింస.

ఇంతదాకా చదివినవాళ్ళకు ఒక పని. ఈ ఆదివారం ఊరి బయట బీడు భూమికి ఒక స్నేహితుణ్ణీ ఒక ఈలనూ తీసుకువెళ్ళండి. డ్రోన్ 30 మీటర్ల ఎత్తులో నిలబడాలి, స్నేహితుడు దాని కింద నుంచి మొదలుపెట్టి 10, 20, 40, 80 మీటర్ల దూరాల్లో ఈల వేయాలి, ఆ తర్వాత అరవాలి. ముందు మైకును డ్రోన్ పొట్టకు బిగించి, తర్వాత 8 మీటర్ల దారానికి కట్టి, రెండుసార్లూ అదే వరుస చేయండి. ఇంటికొచ్చి, దూరాలు తెలియని మరొకరికి ఆ రికార్డింగులు వినిపించి, ఎక్కడిదాకా వినపడిందో వాళ్ళ చేతనే చెప్పించండి. మీ డ్రోన్ ఈలను ఎంత దూరం నుంచి వినగలదు, అరుపును ఎంత దూరం నుంచి వినగలదు అన్న ఆ రెండు అంకెలనూ తారీఖుతో సహా కాగితం మీద రాసి డ్రోన్ పెట్టె మూత లోపల అంటించండి. వరదో తుపానో వచ్చిన రాత్రి ఎవరైనా మీ సాయం అడిగితే, డ్రోన్ లేపేముందు వాళ్ళకు ఆ కాగితం చూపించండి.